కమ్మి, మోకు, పిట్టగోడ

మోకాలి ఆపరేషన్ అయిన మర్నాడు ఆస్పత్రి వరండాలో నన్ను నడిపించడానికి ఒక అమ్మాయి వచ్చింది. మా మనవరాలి ఈడు పిల్ల. నా చేయి తీసి గోడకు బిగించిన స్టీలు గొట్టం మీద పెట్టి, "రెయిలింగ్ పట్టుకోండి ఆంటీ, లేకపోతే పడిపోతారు" అంది నవ్వుతూ. అంతే, నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఒళ్లంతా చెమట పట్టింది. నొప్పిగా ఉందా అని ఆ పిల్ల అడుగుతూనే ఉంది. నొప్పి కాదమ్మా, భయం అన్నాను. నేనున్నాను కదా అంది. నిజమే, తనుంది, గొట్టం ఉంది, వెనకాల మా కోడలు చక్రాల కుర్చీతో సిద్ధంగా ఉంది. అయినా భయమే. బతుకంతా బడిపిల్లలను బెదిరించి కూర్చోబెట్టిన టీచరమ్మను, ఒక్క మాటకు కొయ్యబారిపోవడమేమిటని నా మీద నాకే చిరాకు వేసింది. పడిపోతారన్న మాట మా ఇంట్లో ఎవరూ అనకూడదు. నేను పుట్టకముందు నుంచీ అనకూడదు. ఈ సంగతి పాపం ఆ పిల్లకు ఎట్లా తెలుస్తుంది?

మేమప్పుడు కాజీపేటలో ఉండేవాళ్లం. బాపు లోకో షెడ్డులో ఫిట్టరు. బొగ్గు ఇంజన్లు ఇంకా తిరుగుతున్న కాలం. అమ్మ ఉతికి ఆరేసిన తెల్లబట్టల మీద సాయంత్రానికల్లా సన్నటి నల్ల నలుసులు వాలేవి. బాపు ఖాకీ బట్టలకు నూనె, బొగ్గు కలిసిన వాసన ఉండేది. ఆ వాసన దర్వాజా దాకా వచ్చిందంటే చాయ్ నీళ్లు పొయ్యి మీద పెట్టాలి. కింద రెండు గదులు, వంటిల్లు, వెనక చేదబావి. పైన మిద్దె, మిద్దె మీద ఒక చిన్న గది. వాకిట్లోంచి మిద్దెకు రాతి మెట్లు. ఇంట్లో బాపు, అమ్మ, నేను, బాపు చెల్లెలు సరోజత్త, ఇక బాపమ్మ. బాపమ్మ అంటే బాపును కన్న తల్లి. తొర్రూరు దగ్గర పల్లె నుంచి, తాత పోయాక, కొడుకు దగ్గరికి వచ్చేసింది. కాళ్లకు వెండి కడియాలు. ఆమె ఇంట్లో ఎక్కడ తిరుగుతుందో ఆ కడియాల చప్పుడును బట్టి అందరికీ తెలిసేది. తెల్లారకముందే లేచి, వాకిలి ఊడ్చి, పొయ్యి రాజేసి, పొగాకు కాడ నోట్లో పెట్టుకుని అప్పుడు అందరినీ లేపేది. పొగాకు, పిడకల పొగ, కొబ్బరి నూనె కలిస్తే బాపమ్మ. ఇప్పటికీ ఎక్కడైనా ఆ మూడూ ఒకచోట తగిలితే తిరిగి చూస్తాను.

బాపమ్మకు మా బాపు కంటే ముందు ఒక కొడుకు పుట్టాడు. పేరు మల్లేశం. నడక వచ్చి, పరుగు కూడా వచ్చిన వయసులో పొలం దగ్గర మోటబావిలో పోయాడు. ఆ బావికి చుట్టూ గోడ లేదు, దడి లేదు. బాపమ్మ నెత్తి మీద సద్దిగంపతో వెనకాల వస్తోందట. పిల్లవాడు ఒడ్డు మీద నడుస్తుంటే చూసి, "పడ్తవ్ రా" అని గట్టిగా అరిచిందట. వాడు బెదిరి వెనక్కి తిరగబోయి కాలు జారాడట. ఇది ఇంటిల్లిపాదికీ తెలిసిన కథ. ఎవరూ ఒకచోట కూర్చుని చెప్పింది కాదు, ముక్కలు ముక్కలుగా విన్నదే. ఆ తర్వాత బాపమ్మ అత్తగారు ఒక కట్టుబాటు పెట్టింది. ఇక ఈ ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రావద్దు, పిల్లలకు ఏది పట్టుకోవాలో దాని పేరు చెప్పండి, చాలు అంది. అత్తగారు పోయింది, పల్లె వదిలేశాం, ఆ కట్టుబాటు మాత్రం మాతో రైలెక్కి కాజీపేట వచ్చింది. దాన్ని అందరికంటే గట్టిగా పాటించింది బాపమ్మే.

మా ఇంట్లో వాన పడవచ్చు, చింతకాయ ధర పడవచ్చు. మనిషి మాత్రం పడడానికి వీల్లేదు. నేను బళ్లో మోకాళ్లు చీరుకుని వస్తే, "ఏడ కూసున్నవే?" అని అడిగేది అమ్మ, పసుపు అద్దుతూ. కూర్చుంటే మోకాళ్లు ఎట్లా చీరుకుంటాయని నేను ఎదురడిగితే నెత్తిన మొట్టేది. మెట్లు ఎక్కుతుంటే కింద నుంచి ఎవరో ఒకరు "కమ్మి" అనేవారు. అంటే మెట్లకు బయటివైపు బాపు బిగించిన ఇనుప గొట్టం. మిద్దె మీద ఆడుకుంటుంటే "పిట్టగోడ" అనేవారు. అది నా మోకాలి ఎత్తే ఉండేది, దాన్ని పట్టుకుంటే ఏమొస్తుందో ఎవరికీ తెలియదు. బావి దగ్గర "ఒర" అనేవారు, బావి చుట్టూ సిమెంటు వలయం అది. దవాఖానకు పోతే వరండాకు ఉన్న ఇనుప కటకటాలను చూపించి "జంగ్లా, జంగ్లా" అనేది బాపమ్మ. స్టేషన్ వంతెన ఎక్కితే మళ్లీ "కమ్మి." పల్లెలో గడ్డివాము ఎక్కే నిచ్చెనకు పక్కన వేలాడే తాడును "మోకు" అనేవారు. నేను అక్షరాలకంటే ముందు ఈ మాటలు నేర్చుకున్నాను. మిగతా పిల్లలకు ఇవి వస్తువుల పేర్లు. నాకు మాత్రం ఒక్కొక్క మాట వెనకా ఒక్కొక్క లోతు కనిపించేది. ఎవరైనా "పిట్టగోడ" అంటే ముందు నేను చూసేది గోడను కాదు, గోడ అవతల కింద ఉన్న నేలను. అంత పిరికిదాన్ని అయ్యాను.

ఒక ఎండాకాలం పల్లెకు వెళ్లినప్పుడు మా పొలం చూపించడానికి బాపు నన్ను తీసుకుపోయాడు. బాపమ్మ కూడా వచ్చింది కానీ దూరంగా వేపచెట్టు కిందే నిలబడిపోయింది. నేను బాపు చేయి పట్టుకుని బావి దాకా వెళ్లాను. పెద్ద బావి. గోడలోంచి రాళ్లు పొడుచుకొచ్చి ఉన్నాయి, అవే మెట్లు. అడుగున ఆకుపచ్చ నీళ్లు. నేను వెనక్కి తిరిగి బాపమ్మ వైపు చూశాను, ఏదో ఒక మాట అంటుందని. ఏమీ అనలేదు. బాపు కూడా ఏమీ అనలేదు. అనడానికి అక్కడ పట్టుకునేది ఒక్కటీ లేదు. ఎవరూ ఏ పేరూ చెప్పని చోటు అదొక్కటే చూశాను నేను. అక్కడే కూలబడి ఏడిస్తే బాపు ఎత్తుకుని తీసుకొచ్చాడు. ఆ రాత్రి జ్వరం వచ్చింది.

తర్వాత రెండు మూడేళ్లకు బాపమ్మ కళ్లలో శుక్లాలు ముదిరాయి. దవాఖానకు రమ్మంటే, "కండ్లల్ల కత్తి పెడ్తరట, నాకొద్దు" అని మొండికేసింది. వెలుగూ నీడా తెలిసేవి, మనుషులు మసకగా కనిపించేవారు. పని మాత్రం ఆపలేదు. బియ్యం చెరిగేది, చింతపండు గింజ తీసేది, ఎండాకాలం మిద్దె మీద మిరపకాయలు ఆరబోసేది. ఆమె మెట్లు దిగుతున్న కడియాల చప్పుడు వినగానే కింద ఎవరున్నా తల ఎత్తకుండానే "కమ్మి" అనేవాళ్లు. ఇంతకాలం మాకు ఆమె చెప్పిన మాట, ఇప్పుడు ఆమెకు మేం చెప్పడం మొదలైంది. ఎక్కేటప్పుడు గోడ కుడిచేతి వైపు ఉండేది కాబట్టి గోడను తడుముకుంటూ ఎక్కేది. దిగేటప్పుడు ఎడమ చంకలో చాటో గంపో ఉండేది, కుడిచేయి కమ్మి మీద జారుతూ వచ్చేది. ఒక్కసారీ తప్పలేదు. మా మాట వినగానే ఆమె చేయి దానంతట అదే అటు పోయేది.

సరోజత్తకు పెళ్లి కుదిరి, బీరువా కొన్నారు. పెళ్లి దాకా పైగదిలో పెడదామన్నారు. మెట్లు ఇరుకు, కమ్మి అడ్డం. పొద్దున్నే బాపు, షెడ్డులో పనిచేసే ఇద్దరూ కలిసి కమ్మి విప్పి గోడకు ఆనించి, బీరువా పైకెక్కించారు. మళ్లీ బిగిద్దామంటే కరెంటు పోయింది, వెల్డింగ్ చేసే మనిషి సాయంత్రం వస్తానన్నాడు. బాపు డ్యూటీకి పోయాడు. ఇదంతా జరిగినప్పుడు బాపమ్మ పక్కవీధిలో బాలింత పిల్లకు నీళ్లు పోయడానికి వెళ్లింది. వచ్చాక ఆమెకు చెప్పాలి కదా. అమ్మ చెప్పిందని సరోజత్త, సరోజత్త చెప్పిందని అమ్మ అనుకున్నారని ఇప్పుడు సులువుగా అనేయవచ్చు. కానీ అసలు సంగతి అది కాదు. అమ్మకు చెప్పాలనే ఉంది. ఎట్లా చెప్పాలో తెలియలేదు. కమ్మి లేదు అంటే, లేకపోతే ఏమవుతుందో కూడా అన్నట్లే కదా మా ఇంట్లో. అందుకని, "అత్తమ్మా, ఇయ్యాల మిద్దె మీదికి పోకుండ్రి" అని మాత్రం అంది.

"ఎందుకే? మిరపకాయలు నువ్వు తీస్తవా?" అంది బాపమ్మ.

"నేనే తీస్త. మీరు జర కూసోండ్రి."

"సరే తియ్యి. మంచిగ ఎండినంక తియ్యి."

మధ్యాహ్నం నల్లా వచ్చిందని అమ్మ బిందెలు తీసుకుని వీధి చివరికి పోయింది. సరోజత్త వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతోంది. నేను వాకిట్లో జామపండు తింటున్నాను. ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. గాలికి దుమ్ము లేచింది. బాపమ్మకు మబ్బు కనిపించకపోయినా వాసన తెలిసింది. కోడలు చెప్పిన మాట మరిచిపోయిందో, మిరపకాయలు తడుస్తాయన్న ఆరాటమో, గంప తీసుకుని గోడ తడుముకుంటూ పైకి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను. ఎక్కేటప్పుడు నాకేమీ తోచలేదు, గోడవైపే ఉంది కదా. తర్వాత పైన చాపలు లాగుతున్న చప్పుడు, ఆ తర్వాత కడియాల చప్పుడు పిట్టగోడ దగ్గర, ఆ తర్వాత పై మెట్టు మీద. వంటింట్లోంచి సరోజత్త, పిండి చేతులతోనే, తల తిప్పకుండానే, రోజూ అన్నట్లే అంది.

"అవ్వా, కమ్మి."

బాపమ్మ చేయి చాపింది. నమ్మకంగా, తేలిగ్గా, ఒంటి బరువు కూడా కొంచెం అటువైపు మోపుతూ. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. నాకు ఇప్పటికీ ఆ చేయి కనిపిస్తుంది. ముడతలు పడిన ముంజేయి, రెండు గాజులు, ఏమీ లేని చోట మూసుకోబోతున్న వేళ్లు. నా నోట్లో జామపండు ముక్క. నేనేం అనాలి? మాకు తెలిసిన మాటలన్నీ పట్టుకోమని చెప్పేవే. పట్టుకోవద్దు, అక్కడ లేదు అని చెప్పడానికి మా ఇంట్లో మాట లేదు. గొంతులోంచి ఏదో తన్నుకొచ్చింది.

"బాపమ్మా, పడ్తవ్."

ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటి వాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు. బాపమ్మ చేయి అక్కడే గాలిలో ఆగింది. గంప వదిలేసింది. మిరపకాయలు ఎర్రగా వాకిలంతా రాలాయి. ఆమె వెనక్కి ఒరిగి, గోడకు భుజం కొట్టుకుని, మెట్టు మీద చతికిలబడింది. ఆ తర్వాత కదలలేదు. కొంగు నోట్లో కుక్కుకుని అట్లాగే కూర్చుంది. వాన మొదలైంది. సరోజత్త బయటికి వచ్చి కమ్మి లేని మెట్లను, తల్లిని, నన్ను చూసి అక్కడే గోడకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టింది.

అమ్మ వచ్చాక మెల్లగా ఆమెను దించారు. భుజం కమిలింది తప్ప దెబ్బలేమీ లేవు. "ఎవలన్నరు ఆ మాట?" అని అడిగింది అమ్మ. నేనే అన్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నన్ను బావి దగ్గరికి తీసుకుపోయి, ఉప్పునీళ్లతో నోరు పుక్కిలించమంది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. మధ్యమధ్య మెట్ల వైపు తిరిగి చూస్తోంది. కొట్టినా బాగుండేది. అమ్మే అంత భయపడిందంటే నేనెంత పని చేశానో అర్థమైంది. సాయంత్రం బాపు దగ్గరుండి కమ్మి వెల్డింగ్ చేయించి, దాని మీద తన బరువంతా వేసి ఊపి చూపించాడు. "ఇగ ఇది ఊడది బిడ్డా, భయపడకు" అన్నాడు. నా భయం కమ్మి ఊడుతుందని కాదు. మాట బయటికి వచ్చేసింది. మల్లేశం పెదనాన్నకు వెంటనే తగిలిన మాట, బాపమ్మకు ఆరోజు ఎట్లాగో తప్పింది, ఇంకో రోజు తగులుతుంది. ఆ రోజు ఎప్పుడన్నదే నా భయం.

ఆ తర్వాత నేను ఆమెను నీడలా పట్టుకుని తిరిగాను. ఆమె గడప దాటితే ముందు నేను దాటాలి. ఆమె బావివైపు పోతే నేను ఒర చుట్టూ చేతులు చాపి నిలబడాలి. బళ్లో టీచరు ఎక్కాలు చెబుతుంటే నా చెవులు ఇంటి వైపే. మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తి, దర్వాజా బయట నిలబడి ముందు కడియాల చప్పుడు వినేదాన్ని. వినబడితే ఊపిరి పీల్చుకునేదాన్ని. వినబడకపోతే లోపలికి పోవడానికి కాళ్లు రాకపోయేవి. అన్నం సయించేది కాదు. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. పిల్ల బెదిరిందన్నారు అందరూ. అన్నిటికంటే నన్ను భయపెట్టింది బాపమ్మ మౌనం. ఆమె నాతో మాట్లాడడం మానేసింది. తిట్టలేదు, కసరలేదు. మంచం మీద కూర్చుని, తెల్లబడిన కళ్లతో నా అడుగుల చప్పుడు వచ్చిన వైపు చూస్తుండేది. నేను శాపం పెట్టానని ఆమె కూడా నమ్మినట్టే ఉంది అనుకున్నాను.

పాతకాలమే బాగుండేదని చెప్పే వాళ్లతో నాకు కుదరదు. నడుము ఎత్తు గోడ కూడా లేని మిద్దెల మీద, నోరు తెరిచిన బావుల పక్కన పిల్లలను పెంచిన కాలం అది. పోయినవాళ్లు పోయారు, మిగిలినవాళ్లం మిగిలాం. ఇప్పుడు మా అపార్టుమెంటు బాల్కనీకి పైనుంచి కిందిదాకా గ్రిల్లు ఉంది. మెట్లకు రెండు వైపులా గొట్టాలున్నాయి. వాటన్నిటికీ కలిపి ఒకటే మాట, రెయిలింగ్. ఆ పల్లె బావిని ఎప్పుడో పూడ్చి బోరు వేశారు. ఒర అంటే మా మనవరాలు కత్తి పెట్టుకునేదా అని అడిగింది. మాటలు పోయినందుకు కొంచెం దిగులుంటుంది, లేదని అనను. కానీ ఆ మాటలు నేర్చుకోవడానికి మేం పడిన భయం ఆ పిల్లకు అక్కర్లేదు. దేనికీ పేరు తెలియకపోయినా ఫరవాలేదు, చేతికి అందేచోట అది ఉంటే చాలు. నా ఒంట్లోంచి మాత్రం ఆ భయం పోలేదు. పోదు కూడా. అది పోకపోవడానికి మిద్దె మెట్లు సగం కారణం, ఆ తర్వాత ఒక మధ్యాహ్నం బాపమ్మ చెప్పిన సంగతి సగం.

ఆ మధ్యాహ్నం అమ్మ, సరోజత్త పెళ్లి చీరల కోసం వరంగల్ బజారుకు పోయారు. ఇంట్లో నేనూ బాపమ్మా. ఆమె వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తుంచుతోంది. నేను స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాను. చూస్తున్నానని ఆమెకు తెలుసు.

"ఇటు రాయే" అంది. ఎన్నో రోజుల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట. వెళ్లి కూర్చున్నాను. ఏడుపు వచ్చేసింది.

"నా మీద కోపమా బాపమ్మా?"

"కోపమెందుకే నీ మీద?"

"నేను ఆ మాటన్న. నువ్వు గూడ మల్లేశం పెదనాయన లెక్క..."

ఆమె నా నోటి మీద చేయి పెట్టింది. మిరపకాయ ఘాటుకు పెదవులు మండాయి. తర్వాత గొంతు తగ్గించి, ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టుగా మాట్లాడింది.

"బాయి కాడ నేను ఒర్రిన్నని అంటరు గదా అందరు. నేను ఒర్రలే బిడ్డా."

నాకు అర్థం కాలేదు.

"పోరడు ఒడ్డు మీద పోతాండు. నేను చూస్తాన్న. నోరు తెరిసిన. మాట రాలే. గాలి గూడ రాలే. కాళ్లు భూమిల పాతినట్టే అయినయి. వాడు బెదరలే, ఎనుకకు మర్రి సూడలే. నడుసుకుంట నడుసుకుంటనే పోయిండు."

"మరి ఒర్రినవని ఎవలు చెప్పిన్రు?"

"మా అత్త చెప్పింది. తల్లి ఒర్రితె పోరడు బెదిరిండన్నది. ఊరంత అదే అన్నరు. నేను కాదనలే."

"ఎందుకనలే?"

ఆమె చేతిలో మిరపకాయ అట్లాగే ఉంది. "ఒర్రిన తల్లంటె జర నయమే గదనే. చూసుకుంట నిలవడ్డ తల్లినని ఎట్ల చెప్పుకోను? మీ తాతకు గూడ చెప్పలే. ఆ మాట అనొద్దని అత్త అంటె, సరే అన్న. నాకెట్లైనా రాని మాటనే గదా."

నేను ఆమె ఒళ్లోకి జరిగాను. నాకు ఇంతకుముందు లేని భయం వేసింది. గట్టిగా అరిస్తే మనిషి పోతాడన్న భయం ఒక్కటే నాకు తెలుసు. కళ్లముందు జరుగుతుంటే గొంతు రాకపోవడం కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆరోజు వాకిట్లో నాకూ మాట రాకపోయి ఉంటే అని ఆలోచించి ఆమె కొంగు గట్టిగా పట్టుకున్నాను. బాపమ్మ నా వీపు నిమిరింది.

"నీకు మాట అచ్చింది. అందుకే నేనున్న. నీతోని మాట్లాడుదామంటె సిగ్గయింది, అంతనే. ఏదీ, మల్లొక్కసారి అను."

వద్దన్నాను. ఉప్పునీళ్లు గుర్తొచ్చాయి. ఏం కాదు, అను, నేను వింటా అంది. చాలాసేపు బతిమాలింది. చివరికి ఆమె చెవి దగ్గర, గుసగుసగా, "పడ్తవ్" అన్నాను. ఆమె తల ఆడించింది. పెదవులు కదిలించి చూసింది, మాటను నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టు. ఒకసారి గొంతు సవరించుకుంది. తర్వాత ఎండ పడుతున్న వాకిలి వైపు తిరిగి, నిదానంగా, అక్కడ ఆడుకుంటున్న పిల్లవాణ్ని పిలిచినట్టే పిలిచింది.

"మల్లేశా, పడ్తవ్ బిడ్డా. ఇటు రా."

ఆమె చేయి వాకిలి వైపు చాపి ఉంది. ఎవరైనా వచ్చి దాన్ని పట్టుకుంటారేమోనని నేను భయంగా అటే చూస్తూ కూర్చున్నాను.